వర్క్‌షాపు షెడ్డులోకి నడిచిన సభ

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు మళ్లీ గాడిన పడిన మూడో ఏడు, ఆగస్టు మొదటి వారంలో, నన్ను కరీంనగర్ నుంచి పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు బదిలీ చేశారు. మెకానికల్ శాఖకు హెడ్ ఆఫ్ సెక్షన్‌గా వెళ్లాను. పాలిటెక్నిక్‌లో లెక్చరర్, సీనియర్ లెక్చరర్, ఆ పైన హెడ్ ఆఫ్ సెక్షన్, అందరికీ పైన ప్రిన్సిపాల్. పదవీ విరమణ దగ్గరపడిన వాడు కొత్త చోట చేరితే సాధారణంగా రెండు పనుల్లో ఒకటి అప్పజెప్పుతారు. ఒకటి పరీక్షల విభాగం. రెండోది, ఎవరూ ఒప్పుకోని పని. నాకు రెండోది వచ్చింది. మొదటి సంవత్సరం పిల్లల పరిచయ కార్యక్రమానికి నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు.

పదో తరగతి పాసై, ప్రవేశ పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు మొదటి మూడు వారాలు పాఠాలు చెప్పరు. పొద్దున యోగా ఉంటుంది. తర్వాత నలుగురిలో మాట్లాడటం మీద, ఆరోగ్యం మీద, కంప్యూటర్ మీద తరగతులు. మధ్యాహ్నం వర్క్‌షాపు షెడ్డులో ఫిట్టింగ్, సోల్డరింగ్, ఇంటి వైరింగ్. ఒకరోజు మొక్కలు నాటుతారు, ఒకరోజు ఏదైనా ఫ్యాక్టరీ చూసి వస్తారు. ఆఖరి శనివారం ముగింపు సభ. ఆ సభలో పిల్లలు తాము ఏమేం చేశారో, ఏం నేర్చుకున్నారో చెప్పాలి. ఆఫీసు కాగితాల్లో దాని పేరు 'అనుభవాల సమీక్ష'. పిల్లలు ఫీడ్‌బ్యాక్ అంటారు.

అడ్మిషన్ల చివరి రోజున భైంసా నుంచి తండ్రీకూతుళ్లు వచ్చారు. కూతురి పేరు సమీనా. ఉర్దూ మీడియంలో పది చదివి, ఎలక్ట్రికల్ బ్రాంచిలో సీటు తెచ్చుకుంది. తండ్రి ఖాజా మియా మార్కెట్ యార్డులో పత్తి అడ్తీ. అంటే రైతు తెచ్చిన పత్తిని కొనేవాడికి చూపించి, ధర కుదిర్చి, కమీషన్ తీసుకునే వ్యాపారి. బోరా సంచిలో చెయ్యి పెట్టి తేమ ఎంతో చెప్పే వృత్తి. అడుగున తడి పత్తి, పైన పొడి పత్తి వేసి తెచ్చేవాళ్లను రోజూ చూసే మనిషి. పైకి కనిపించినదాన్ని ఆయన ఒక పట్టాన నమ్మడు.

మూడు వారాల కార్యక్రమం కాగితం ఆయనకు చదివి వినిపించాను. అంతా విని అన్నాడు: "సార్, మా పెద్దోడు హైద్రాబాద్ దిక్కు పెద్ద కాలేజీల ఇంజనీరింగ్ చేసిండు. మొదటి నెల గిట్లనే ఏందేందో చేపిచ్చిన్రు. రోజు ఫొటోలు పంపిండు. నాలుగేండ్లు ఫొటోలే పంపిండు. ఇప్పుడు దుకాణంల కూసుంటడు. ఫ్యాన్ బందైతె మిస్త్రీకి ఫోన్ జేస్తడు."

"అబ్బా, బస్," అంది సమీనా నేలచూపులు చూస్తూ. నాన్నా, ఇక చాలని.

ఆయన ఆగలేదు. "మూడు వారాలు జూస్త. ఆఖరి దినం నేనే వస్త. బిడ్డ చేతులకు పని వచ్చిందంటె ఉంటది. ఫొటోలే అంటె టీసీ ఇయ్యుండ్రి. ఇంటి పక్కన్నె డిగ్రీ కాలేజీ ఉన్నది, ఇంటర్ అయినంక అండ్లనే ఏస్త."

ఎలక్ట్రికల్ ఎందుకు ఎంచుకున్నావని ఆ అమ్మాయిని అడిగాను. ఇంట్లో నీళ్ల మోటరు కాలిపోతే మిస్త్రీ వచ్చేలోగా విప్పి చూసిందట. "లోపట తీగె సుట్టిన తీరు మంచిగనిపిచ్చింది సార్," అంది. హాస్టల్లో చేర్చుకున్నాం.

ఇక్కడ ఫిట్టింగ్ పని గురించి కొంత చెప్పాలి. ప్రతి విద్యార్థికీ రెండు చిన్న ఇనుప పలకలు ఇస్తారు. ఆకురాయితో రాకి, అంచులన్నీ గుణియాకు, అంటే మూలమట్టానికి, సరిపోయేలా చదును చేయాలి. తర్వాత ఒకదానిలో వి ఆకారపు గాడి, రెండోదానిలో ఆ గాడిలో దిగే మొన తీయాలి. రెండూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు రాకూడదు. దీన్నే జాబ్ అంటాం. కోయాల్సిన గీత మీద పంచి అనే మొన ఉలితో వరుసగా చుక్కలు కొడతారు. రంపంతో కోసేటప్పుడు గీతకు అవతల, పనికిరాని భాగం వైపు కోయాలి. చుక్కలు నిండుగా మిగలాలి. తర్వాత ఆకురాయితో రాకుతూ వచ్చి సగం చుక్క దగ్గర ఆగాలి. మిగిలిన సగం చుక్కే పని గీత దాకా వచ్చి ఆగిందనడానికి సాక్ష్యం.

కొత్త పిల్లలు దాదాపు అందరూ సరిగ్గా గీత మీదే కోస్తారు. రంపం మందం కూడా ఇనుమును తింటుందని వాళ్లకు తట్టదు. మా ఫిట్టింగ్ ఇన్‌స్ట్రక్టర్ రాజేశం మంథని వైపు మనిషి. గొంతు షెడ్డు అవతలికి వినిపించేది. "గీత దాటినవంటె అయిపాయె! ఇనుమేమన్న గోరా, మల్ల మొలిచేతందుకు?" అని, ఇనుము బిగించే వైసుల మధ్య తిరుగుతూ ఉండేవాడు.

జాబ్ మొదలుపెట్టకముందే పలక మీద విద్యార్థి రోల్ నంబరు పంచి కొడతారు. ఎందుకంటే అన్ని పాలిటెక్నిక్‌లలోనూ ఒక పాత ఆచారం ఉంది. సీనియర్లు మార్కులు పడిన తమ జాబ్‌ను దాచి, జూనియర్లకు ఇస్తారు. జూనియరు పాత నంబరును ఆకురాయితో రాకేసి, తన నంబరు కొట్టుకుంటాడు. 'అన్న జాబ్' అంటారు దాన్ని. ఒక్కో అన్న జాబ్ రెండు మూడు తరాలు చూసి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. నంబరు రాకిన చోట పలక లోపలికి పోతుంది. గుణియా అంచు దాని మీద పెడితే కింద నుంచి వెలుగు కనిపిస్తుంది.

రెండో వారం చివర్లో సమీనా తన జాబ్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చక్కని పని. గాడీ మొనా ఒకే పలకలా కలిసిపోయాయి. రెండు వారాల్లోనే ఇంత పని ఎవరూ చేయరు. గుణియా పెట్టాను. నంబరు కింద వెలుగు కనబడింది. ఆ అమ్మాయే ముందు మాట్లాడింది.

"నాది కాదు సార్."

"నీది ఏమైంది?"

"చెడిపోయింది. గీత మీదనే కోసిన. మొన గండ్ల లొడలొడ ఊగుతది. తునకల డబ్బాల ఏసిన."

తోటి విద్యార్థి శ్రావణ్ ఇచ్చాడట ఈ అన్న జాబ్. వాడు జగిత్యాల కుర్రాడు, ఇంగ్లీషు మీడియం, బ్యాచి మొత్తానికి పెద్దమనిషి. 'శనివారం మీ నాయిన వస్తుండు కదా, గిది జూపెట్టు, ఖుష్ అయితడు' అని సలహా కూడా ఇచ్చాడట.

నిబంధన ప్రకారం అరువు జాబ్ చూపిస్తే ఆ పనికి సున్నా వేసి, తల్లిదండ్రులకు కబురు చేయాలి. ఖాజా మియాకు ఆ కబురు అందితే ఏం జరుగుతుందో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సున్నా వేశాను. కబురు మాత్రం ఆపాను. ఆయన వారంలో ఎలాగూ వస్తాడు. చెప్పాల్సింది ఎవరు, ఎలా చెప్పాలి అన్నది ఆలోచిస్తానన్నాను. డబ్బాలో పడేసిన జాబ్ వెతికి తెచ్చుకొమ్మని, కొత్త పలకలు తీసుకొని మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను.

ముగింపు సభకు రెండు రోజుల ముందు రిహార్సల్ పెట్టాం. మొదట శ్రావణ్ మైకు అందుకున్నాడు. ధారాళమైన ఇంగ్లీషు. ప్రిన్సిపాల్ మేడం ముఖం వెలిగిపోయింది. వాడు యోగాను పొగిడాడు, మొక్కలు నాటడాన్ని పొగిడాడు, కాగజ్‌నగర్ పేపరు మిల్లు చూసిన రోజు తన జీవితంలో మరపురాని రోజని, ఆ పెద్ద యంత్రం ముందు నిలబడితే ఒళ్లు పులకరించిందని చెప్పాడు.

మేం పేపరు మిల్లుకు వెళ్లలేదు. వానలకు వాగు పొంగి బస్సు రద్దయింది. ఆ రోజంతా పిల్లలు హాస్టల్లో క్యారమ్స్ ఆడారు.

"ఎప్పుడు పోయినవ్‌రా మిల్లుకు?" అని అడిగాను.

వాడు నిజాయితీగానే చెప్పాడు. "పోలే సార్. నిరుడు అన్న చెప్పిన స్పీచ్ ఇది. ఆయనిచ్చిండు."

హాలంతా గొల్లుమంది. వెనక నుంచి ఎవరో "అన్న జాబే రా, నంబరు రాకుడు మర్శిండు!" అని అరిచారు. నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రం డైరీ రాస్తున్నప్పుడు ఆ అరిచినవాడి మాటే కలానికి వచ్చింది. మిగతా పన్నెండు మంది వక్తల ఉపన్యాసాలూ అదే బాపతు. ఒక్కరు కూడా ఏదైనా చెడిందని అనలేదు. షెడ్డులో మూడు వారాలు పని జరిగితే చెడిపోయిన తునకలు డబ్బాల నిండా ఉన్నాయి. సభలో మాత్రం ఎవరికీ ఏదీ చెడలేదు.

మర్నాడు పొద్దున్నే మేడం గదికి వెళ్లి, ఉపన్యాసాలు మానేద్దామన్నాను. ప్రతి విద్యార్థీ తన చెడిన జాబ్ చేత్తో పట్టుకొని రావాలి. అది ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది, తర్వాత ఏం చేశారు, ఈ మూడే చెప్పాలి. తమకు వచ్చిన భాషలో చెప్పాలి. చేత్తో చేసిన పని కానప్పుడు, అంటే యోగా, ఉపన్యాస తరగతులకు కూడా ఇదే పద్ధతి.

"నరహరి గారూ, రేపు పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నారు. వచ్చినాయన ముందు మన చెత్త డబ్బా బోర్లిస్తానంటారా?" అన్నారు మేడం.

"ఆయన చూసిన సభలన్నీ మంచివే ఉంటయి మేడం. గుర్తున్నది ఒక్కటన్న ఉంటదా?" అన్నాను.

ఆమె ఒప్పుకున్నట్టూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఏదైనా అయితే బాధ్యత మీదేనన్నారు. ప్రభుత్వ ఉద్యోగంలో దీన్ని అనుమతి అనే అంటారు.

పిల్లలకు చెప్పాను. చాలామందికి హుషారు వచ్చింది. ఇంగ్లీషు బట్టీ పట్టే పని తప్పింది కదా. సమీనా మాత్రం అందరూ వెళ్లాక ఆగింది.

"సార్, గా చెడింది జూస్తే అబ్బా తీస్కపోతడు. నేను రేపు మాట్లాడ."

"రెండోది అయిందా?"

అయిందని తీసి ఇచ్చింది. కిటికీకి ఎదురుగా పట్టి చూశాను. మొన కొస దగ్గర వెంట్రుకంత వెలుగు ఉంది. మిగతా అంతా మూసుకుంది. అన్న జాబ్ అంత నున్నగా లేదు, కానీ సగం చుక్కలు వరుసగా కనిపిస్తున్నాయి.

"గిదొక్కటె చూపిస్త సార్. మొదటి ముచ్చట ఎందుకు?"

"నీ ఇష్టం. బలవంతం లేదు. నిబంధన ప్రకారం అరువు జాబ్ సంగతి మీ నాయనకు నేను చెప్పాలె. రేపు సభ అయినంక చెప్త. నువ్వే ముందు చెప్తే నేను చెప్పే పని ఉండది," అన్నాను.

ఆమె చెడినదాన్నీ రెండోదాన్నీ తీసుకొని వెళ్లిపోయింది.

శనివారం ఖాజా మియా పొద్దున బస్సుకే వచ్చాడు. తెల్ల లాల్చీ, భుజాన సంచి. వెనక కూర్చోబోతుంటే ముందు వరుసలోకి రమ్మన్నాను. అధికారికి రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. టీసీ దరఖాస్తు ఎవరికివ్వాలో ఆఫీసులో ముందే కనుక్కున్నాడని మా అటెండరు వచ్చి నా చెవిలో చెప్పాడు.

సభ మొదలైంది. మొదటి నలుగురైదుగురు సిగ్గుపడ్డారు. తర్వాత వేగం అందుకుంది. ఒకడు సోల్డరింగ్ ఐరన్‌ను వేడి వైపు పట్టుకున్న సంగతి చెప్పి, బొబ్బ మానిన వేలు చూపించాడు. "అటుదిక్కు ఎందుకు వట్టినవ్‌రా?" అని మిత్రులు అరిస్తే, "మా ఇంట్ల గంటె గట్లనే పడ్తం" అన్నాడు. నాటిన మొక్కల్లో సగం మేకలు తిన్నాయని, కంచె తర్వాత వేద్దామనుకోవడమే తప్పని ఇద్దరమ్మాయిలు చెప్పారు. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒక గోండు అబ్బాయి లేచి, మాట్లాడటం నేర్పే తరగతి గురించి చెబుతానన్నాడు. "మాట్లాడుడు నేర్పెతందుకు వచ్చిన సారు పొద్దుందాక ఆయనే మాట్లాడిండు సార్. మా వంతు రాలే. ఇయ్యాల్నే మాట్లాడుతున్న." అధికారి తల వెనక్కి వేసి నవ్వారు. మేడం కూడా నవ్వారు. శ్రావణ్ మైకు ముందుకొచ్చి, తెలుగులో, పేపరు మిల్లుకు తాను వెళ్లలేదని, ఈసారి బస్సు పెడితే తప్పక వెళ్తానని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

సమీనా వంతు రాగానే ఆమె లేవదేమో అనుకున్నాను. లేచింది. రెండు చేతుల్లో రెండు జాబ్‌లు. తండ్రి వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గోడ గడియారాన్ని చూస్తూ మొదలుపెట్టింది.

"ఇది నా మొదటిది. గీత మీదనే కోసిన, చెడింది. అందరు నవ్విన్రు. నేను తునకల డబ్బాల ఏసి, సీనియర్ల జాబ్ తెచ్చి, నంబరు రాకి, నాదని సారుకు చూపిచ్చిన. సారు దొరకవట్టిన్రు. సున్నా వచ్చింది." మొదటిది దించి రెండోది పైకెత్తింది. "ఇది రెండోది. గీత ఇడిసి కోసిన. కొస కాడ జర వెల్తురొస్తది. మూడోదాన్ల అది గూడ రానియ్య."

చప్పట్లు మొదలయ్యాయి. అవి ముగియకముందే ముందు వరుసలో ఖాజా మియా నిలబడ్డాడు. చప్పట్లు వాటంతటవే ఆగిపోయాయి.

"సార్, ఒక మాట అడుగొచ్చునా?" అన్నాడు అధికారి వైపు తిరిగి. ఆయన అడగమన్నారు.

"మొదటిది చెడింది అన్నది. ఒప్పుకున్నది, మంచిదే. నడుమ ఇంకొకలది తెచ్చిన అని గూడ తనే చెప్పింది. మరి గీ రెండోది ఇంకొకలది కాదని నాకెట్ల ఎర్క?"

రాజేశం వెనక నుంచి లేచాడు. "నా ముంగట చేసింది సాబ్. నేను గ్యారంటీ."

"మీరు సారోళ్లు. మీ పిల్లలకు మీరే సాక్ష్యం చెప్తరు. మా మార్కెట్ల గూడ అంతే, ఎవని బోరాకు వాడే సాక్ష్యం."

ఆయన అడిగింది సబబే. మూడు వారాల కార్యక్రమం, పై అధికారి, బ్యానరు, పూలదండ, ఇవన్నీ ఆ ప్రశ్న ముందు తేలిపోయాయి. అప్పుడు సమీనా మైకు దగ్గర నుంచే, మొదటిసారి తండ్రి వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడుకునే భాషలో అంది: "చలో అబ్బా, షెడ్ మే. ఆప్‌కే సామ్నేచ్ కాట్‌కే బతాతీ." మీ ముందే కోసి చూపిస్తానని.

అధికారి కుర్చీ వెనక్కి జరిపి, "నడవండి మేడం, చూద్దాం" అన్నారు. పూలదండలు బల్ల మీదే ఉండిపోయాయి. సభ మొత్తం మైదానం దాటి వర్క్‌షాపు షెడ్డులోకి నడిచింది.

ఖాజా మియా అడ్తీ పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. కుప్పలోంచి పలక తనే ఏరాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. గీతలు గీసే సూది అడిగి తీసుకొని, పలక మూల ఒక గుర్తు గీశాడు. "మా దుకాణం గుర్తు. బోరాల మీద ఇదే ఏస్తం. ఇగ మార్చరాదు," అన్నాడు. మా నంబరు పంచి కంటే అది గట్టి ఏర్పాటేనని రాజేశం నాతో గొణిగాడు.

సమీనా చున్నీని గట్టిగా బిగించి, ఖాకీ కోటు తొడుక్కుంది. పలకకు సుద్ద రాసి, గీత గీసి, చుక్కలు కొట్టింది. వి గీత వాలుగా ఉంటుంది. రంపం నిటారుగా నడవాలి కాబట్టి పలకనే వాల్చి వైసులో బిగించింది. రంపాన్ని ముందుకు తోసేటప్పుడు బరువు వేస్తూ, వెనక్కి తీసేటప్పుడు తేలిక చేస్తూ కోయడం మొదలుపెట్టింది. చుట్టూ పిల్లలు బెంచీలు ఎక్కి చూస్తున్నారు.

సగం దాకా కోసేసరికి బ్లేడు ఫటుక్కున విరిగింది.

ఎవరో "అయ్యో" అన్నారు. సమీనా చెయ్యి ఆగిపోయింది. రాజేశం ముందుకు కదలబోతే నేను మోచెయ్యి పట్టుకొని ఆపాను. ఈ చోట కొత్తవాళ్లు ఒక తప్పు తప్పకుండా చేస్తారు. కొత్త బ్లేడు వేసి, పాత కోతలోనే పెట్టి తోస్తారు. అది ఇరుక్కుంటుంది, మళ్లీ విరుగుతుంది. ఆమెకు అది తెలుసో లేదో నాకు తెలియదు.

సమీనా వైసు మీద నుంచి విరిగిన ముక్కలు తీసేసింది. కొత్త బ్లేడు పళ్లు ముందు వైపుకు ఉండేలా బిగించింది. రంపం పట్టుకొని పాత కోత దగ్గర ఒక్క క్షణం నిలిపింది. తర్వాత దాన్ని వదిలేసి, దాని పక్కనే, పనికిరాని భాగం వైపు, అంచు నుంచి కొత్తగా మొదలుపెట్టింది.

రాజేశం ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

"సగం కోసింది ఇడిసిపెట్టి మల్ల మొదలుకెంచి ఎందుకు?" అన్నాడు ఖాజా మియా. రాజేశం నోరు తెరిచాడు. "ఆమెనే చెప్పనియ్యి," అన్నాను.

ఆమె రంపం ఆపలేదు. "పాత బ్లేడు అరిగి సన్నగైతది అబ్బా. గది కోసిన సందు గూడ సన్నగనే ఉంటది. కొత్త బ్లేడు లావు. గండ్లనే వెడితె ఇరుక్కుంటది, మల్ల ఇరుగుతది."

"ఎవలు చెప్పిన్రు?"

"రాజేశం సారు చెప్పిండు. నేను ఇనలే. రెండు ఇరగ్గొట్టిన. అప్పుడు ఎర్కైంది."

పిల్లలు ఒక్కసారిగా గోల చేశారు. "నేను మూడు ఇరగ్గొట్టిన అంకుల్!" అని శ్రావణ్ బెంచీ మీద నుంచి అరిచాడు. ఖాజా మియా మీసాల కింద నవ్వు మొదటిసారి కనిపించింది. దాన్ని వెంటనే దాచుకున్నాడు.

వి గీత రెండు వైపుల కోతలూ పూర్తయ్యాయి. వి ముక్క టంగుమని కింద పడింది. సమీనా పలకను వైసు నుంచి తీసి, బ్రష్షుతో తుడిచి, తండ్రి చేతిలో పెట్టింది. చుక్కలు నిండుగా, ఒక్కటి కూడా తెగకుండా, గీత పొడుగునా ఉన్నాయి. ఆయన ముందు మూలన తన గుర్తు చూసుకున్నాడు. తర్వాత గోటితో చుక్కల మీదుగా పైనుంచి కిందికి తడిమాడు. పలకను అధికారికి ఇచ్చాడు. ఆయన చూసి మేడంకు ఇచ్చారు. అది షెడ్డంతా చేతులు మారుతూ తిరిగింది.

ఖాజా మియా రుమాలుతో చేతులు తుడుచుకొని నా దగ్గరికి వచ్చాడు.

"సోమవారం క్లాసు ఎన్నింటికి సార్?" అన్నాడు.

చెప్పాను. ఆయన తల ఊపి కూతురి వైపు తిరిగి, "కొస కాడి వెల్తురు గూడ రావొద్దు అన్నవ్ కదా. మల్లొచ్చినప్పుడు జూస్త," అన్నాడు. "జూడుండ్రి," అంది సమీనా. అప్పుడు లేచిన కేకలకు షెడ్డు రేకులు అదిరాయి. పిల్లలు ఆమెను ఎత్తుకోబోతే, వైసుల మధ్య గంతులు వద్దని రాజేశం అందరినీ తిట్టాడు. తిడుతూ తనూ చప్పట్లు కొట్టాడు. మిగతా పిల్లలు ఎవరి వైసు దగ్గరికి వాళ్లు పోయి, తమ జాబ్‌లు బిగించి, వచ్చిన అధికారిని రమ్మని పిలవడం మొదలుపెట్టారు. ఆయన మధ్యాహ్నం బండికి వెళ్లాల్సినవారు. సాయంత్రం దాకా ఒక్కో వైసు దగ్గర ఆగుతూ, ఏం చెడిందో అడుగుతూ తిరిగారు. వెళ్లేటప్పుడు, వచ్చే ఏడు హాలు వద్దు, ఇక్కడే పెట్టండని మేడంకు చెప్పారు. ఆమె నా వైపు తిరిగి, "ఏదన్నా అయితే బాధ్యత మీదే అన్నాను కదా. అయింది. మీదే," అన్నారు.

మరుసటి ఏడూ, నేను పదవీ విరమణ చేసిన ఏడూ, ముగింపు సభ షెడ్డులోనే జరిగింది. అన్న జాబ్‌లు పూర్తిగా పోయాయని చెప్పను, కానీ వాటికి గిరాకీ తగ్గింది. చెడిన జాబ్ చూపించడమే నియమమైనచోట నున్నటి జాబ్ అరువు తెచ్చుకొని ప్రయోజనం లేదు. సమీనా డిప్లొమా మొదటి శ్రేణిలో పూర్తి చేసి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరడానికి రాసే పరీక్ష కూడా పాసయిందని రాజేశం ఫోన్లో చెప్పాడు.

ఈ సంఘటన నాకు రెండు విషయాలు నేర్పింది. నేర్చుకున్నది ఎంతో తెలియాలంటే ఏది బాగుందని పిల్లలను అడగకూడదు. ఏది చెడింది, ఎందుకు చెడింది అని అడగాలి. మొదటి ప్రశ్నకు ఎవరి జవాబైనా సరిపోతుంది. రెండో ప్రశ్నకు చేసినవాళ్లే జవాబు చెప్పగలరు. ఇంకొకటి, నమ్మని మనిషిని సభకు పిలవాలి, పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ఆ రోజు ఖాజా మియా ఆ ప్రశ్న అడగకపోతే మేమందరం చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ అమ్మాయికి పని వచ్చిందని మాకు అనిపించేదే గాని, తెలిసేది కాదు.